పక్కవాళ్లు చెప్పాలి

ఫ్లెక్సీ సగం విప్పేసరికే నాకు ఒళ్లు మండింది. పూర్తిగా విప్పాక నోట మాట రాలేదు. నన్ను ఎరిగినవాళ్లకి అది వింతే.

పైన పెద్ద అక్షరాలతో "పదో తరగతి మిత్రుల ఆత్మీయ కలయిక" అని ఉంది. దాని కింద మా బ్యాచ్ అందరి ఫొటోలు గుండ్రంగా కత్తిరించి వరసలుగా పేర్చి ఉన్నాయి. అంతవరకు బాగుంది. అన్నిటికన్నా అడుగున నల్లటి పట్టీ, దాని మీద "మమ్మల్ని విడిచి వెళ్లిన మిత్రులకు అశ్రునివాళి". అక్కడ రెండు ఫొటోలు. రెండిటికీ బంతిపూల దండలు, పక్కన వెలుగుతున్న దీపాలు. ఒకటి తవిటయ్యది. కరోనాలో పోయాడు, అందరం ఏడ్చాం, అందులో పేచీ లేదు. రెండోది సన్నీది.

"నరేషూ, ఇదేటిరా?" అన్నాను.

నరేష్‌కి కంచరపాలెం మెయిన్ రోడ్డులో ఫ్లెక్సీల షాపు. మా పాత క్లాసురూములో స్టూలెక్కి బ్లాక్‌బోర్డు పైన మేకుకి తాడు కడుతున్నవాడు వెనక్కి తిరిగాడు. "ఏటయింది? పేరు తప్పు పడిందేటి?"

"సన్నీకి దండ ఎవులు ఎయ్యమన్నారు నిన్ను?"

"ఎవులు సెప్పాల? ఆడు లేడు కదే."

"లేడని ఎవులు సెప్పినారు? కంపెనీవోలు మిస్సింగ్ అని రాసినారు. మిస్సింగంటే పోయినట్టేనేటి?"

"ఏడాది దాటిపోనాది యశా. నడి సముద్రంల మిస్సింగంటే ఏటో నీకు తెల్దా?"

"పైగా క్రిస్టియన్‌వోడికి దీపాలేటిరా?"

"అది కంప్యూటర్ల రెడీగా ఉన్న డిజైను. పోయినోల్లందరికీ అదే ఎడతాను," అన్నాడు, తప్పంతా కంప్యూటరుదే అన్నట్టు.

మధురవాడలో నా ఆఫీసులో అందరూ నన్ను చాలా మర్యాదస్తురాలిని అనుకుంటారు. కంచరపాలెంలో కాలు పెట్టగానే నా మర్యాద ఎక్కడికి పోతుందో నాకూ తెలియదు. ఆ రోజు నరేష్‌ని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కోపం కంటే నాకు భయమే ఎక్కువగా ఉంది. ఆ క్లాసురూముకి మరికాసేపట్లో కేథరిన్ రాబోతోంది. సన్నీ భార్య. ఆమె కూడా మా క్లాసే. యూకేజీ నుంచి పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్న పిల్ల.

సన్నీ షిప్పుల్లో ఇంజన్ రూములో పనిచేసేవాడు. ఒక ఉదయం డ్యూటీ మారేటప్పుడు మనుషుల్ని లెక్క చూసుకుంటే ఒకడు తక్కువయ్యాడు. షిప్పు వెనక్కి తిప్పి వెతికారట. తర్వాత మల్కాపురంలోని వాళ్లింటికి అతని సూట్‌కేసు వచ్చింది. ఆ సూట్‌కేసుని ఇంతవరకు ఎవరూ తెరవలేదు. స్మారక కూటం పెడదామని పాస్టరుగారు వెళితే ఆ ఇంట్లో టీ ఇచ్చి పంపేశారు. క్రిస్మస్‌కి నేను వెళ్లాను. సన్నీ వాళ్లమ్మ భోజనాలు వడ్డిస్తూ ఒక కంచం ఎక్కువ పెట్టింది. ఎవరికని నేను అడగలేదు. కేథరిన్ ఆ ఖాళీ కంచం పక్కనే కూర్చుని, తల వంచుకుని అన్నం తింది. "డ్యూటీ ఎక్కువై ఉంటాది, వచ్చీత్తాడు," అని పెద్దావిడ అంటే, "అవునత్తా," అంది.

కేథరిన్ ఇంకా ఆశ పెట్టుకుందని నాకు అప్పుడే అర్థమైంది. అర్థమైందని అనుకున్నాను.

చర్చికి, తను పనిచేసే ల్యాబుకి తప్ప ఎక్కడికీ పోని మనిషిని, ఫోన్ల మీద ఫోన్లు చేసి ఈ కలయికకి ఒప్పించింది నేను. గుమ్మంలో అడుగు పెట్టగానే మొగుడి ఫొటోకి దండ చూస్తే అది ఏమైపోతుంది?

అప్పుడే ఫోన్ మోగింది. "జ్ఞానాపురం దాటీసినానే," అంది కేథరిన్. "పది నిమిషాల్లో వచ్చీత్తాను."

"నెమ్మదిగా రాయే, ఏటంత తొందర," అన్నాను. జీవితంలో ఎవరికీ ఆ సలహా ఇచ్చినదాన్ని కాదు.

ఫ్లెక్సీ తీసేద్దామంటే ఫొటోలు తీసుకోవడానికి అందరూ దానికోసమే కాచుక్కూర్చున్నారు. సన్నీ బొమ్మ ఒక్కటీ కోసేస్తే కన్నం మిగులుతుంది. చివరికి అడుగున ఉన్న నల్ల పట్టీ మొత్తాన్ని పైకి మడిచి, వెనక చెక్క బద్ద పెట్టి, క్లిప్పులు కొట్టమన్నాను.

"మడిసేత్తే తవిటిగాడు కూడా ఎల్లిపోతాడు," అన్నాడు నరేష్. "ఆడేటి పాపం సేసినాడే?"

"ఆడు ఏటీ అనుకోడులే."

"ఎన్నాలు దాత్తావు దీన్ని? కేథరిన్‌కి తెల్దనుకున్నావేటి?"

"క్లిప్పు కొడతావా, నన్ను కొట్టమంటావా?"

కొట్టాడు. ఆ మడత కింద ఉబ్బెత్తుగా కనిపిస్తూనే ఉంది. దాని ముందు టేబుల్ లాగి, మా టీచరు మేడానికి కప్పాల్సిన శాలువా, పూలబొకే పెట్టాం.

కేథరిన్ వచ్చింది. లేత నీలం చీర కట్టుకుంది, బాగా చిక్కిపోయింది. అందరూ ఒక్కసారి మాటలు ఆపేసి, మళ్లీ ఒక్కసారే మొదలుపెట్టారు. సాయిశంకర్ అనవసరంగా కుర్చీలు సర్దాడు. జ్యోతిర్మయి "బాగున్నావా?" అని అడిగి, అడిగినందుకు నాలిక కరుచుకుంది. కేథరిన్ అందరినీ పేరుపేరునా పలకరించి, తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టి ఒక్కో వరసే చూసింది. తన ఫొటో దగ్గర ఆగలేదు. చివరి వరస దాకా చూసి, మళ్లీ మొదటి నుంచి చూసింది. అప్పటికి గాని నాకు తట్టలేదు. దండ దాచేశాం సరే, పై వరసల్లో సన్నీ ఎక్కడున్నాడు?

"సన్నీది లేదేటి?" అంది.

"ఈ నరేష్‌గాడు మర్చిపోనాడే. ఎదవకి ఒక్క పనీ సరిగ్గా రాదు," అన్నాను.

నరేష్ నా వైపు చూశాడు. వాడి దవడ బిగుసుకుంది. అయినా, "సారీ కేథరిన్," అన్నాడు.

ఆమె చూపు టేబుల్ వెనక ఉబ్బెత్తుగా ఉన్న మడత మీద ఒక్క క్షణం ఆగింది. వచ్చి మా పాత బెంచీలో, తన పాత చోట, గోడ వైపు కూర్చుంది.

"మేడం వత్తన్నారు కదా? హాజరు పిలుత్తారా?" అని అడిగింది.

ఫోన్‌లో కూడా ఇదే మాట రెండుసార్లు అడిగింది. దీనికి హాజరంటే భయమని నాకు తెలిసిపోయింది. "లేదులేయే, పెద్దావిడ, అలిసిపోతారు. శాలువా కప్పేసి పంపిద్దాం," అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. ఊపిరి పీల్చుకుందని నేను అనుకున్నాను.

హాజరంటే మా కాన్వెంటులో మామూలు హాజరు కాదు. మా క్లాస్ టీచరు పుష్పకుమారి మేడం ఏడో తరగతి నుంచి పది దాకా మమ్మల్ని వదల్లేదు. ఆవిడ పద్ధతి ఆవిడదే. ఎవరైనా రాకపోతే ఆ పిల్లాడి పక్కన కూర్చునేవాడు లేచి చెప్పాలి. ఎప్పుడూ రెండే ప్రశ్నలు. ఏమైంది? ఎప్పుడొస్తాడు? తెలియదంటే కుదరదు. తెలియనివాడు ఆ పీరియడంతా నిలబడాలి. అందుకని పొద్దున్నే అందరం పక్కవాడి ఇంటి మీదుగా స్కూలుకి వచ్చేవాళ్లం. మా అమ్మానాన్నలు ఇంగ్లీషు కోసం ఫీజులు కట్టారు. ఇంగ్లీషు సంగతి ఎలా ఉన్నా, ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి నాన్నకి నైట్ డ్యూటీయో మాకు కంఠతా వచ్చేది. కేథరిన్ వాళ్లింట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో నాకు ఇప్పటికీ తెలుసు.

సన్నీ పక్కన కూర్చునేది నరేష్. నరేష్ లెక్కల పరీక్ష ఎగ్గొట్టిన రోజున సన్నీ లేచి, "నరేష్‌కి పెళ్లి కుదిరింది మేడం, ఎల్లుండొస్తాడు," అన్నాడు. అప్పుడు మేం ఎనిమిదో తరగతి. క్లాసంతా బెంచీలు కొట్టి నవ్వింది. మేడం కూడా నవ్వి, నవ్వుతూనే వాడిని మధ్యాహ్నం దాకా నిలబెట్టారు. కేథరిన్‌కి టైఫాయిడ్ వచ్చినప్పుడు నేను, "సోమవారం వచ్చేస్తుంది మేడం," అని నా సొంతంగా చెప్పేశాను. సోమవారం రాలేదు. "తెలిస్తే చెప్పు, తెలియకపోతే నిలబడు. నీకు ఇష్టమైనది మాత్రం చెప్పకు," అన్నారు మేడం. ఆ వారమంతా సాయంత్రాలు సన్నీయే కేథరిన్ ఇంటికి నోట్సులు మోశాడు. వాళ్లిద్దరి కథ అక్కడ మొదలైందని మాకు ఇంటర్‌కి వెళ్లాక తెలిసింది.

మేడం క్యాబ్ మధురవాడ నుంచి రావడం ఆలస్యమైంది. నేను గేటు దగ్గరే పట్టుకుందామనుకున్నాను. కారు తలుపు తీసి, చెయ్యి పట్టుకుని దించి, చెవి దగ్గర, "మేడం, సన్నీ విషయం..." అన్నాను.

"ఏంటమ్మా?"

"సన్నీ పేరు పిలవకండి మేడం."

"గట్టిగా చెప్పు. చెవులు పోయాయి నాకు. మిషను పెట్టుకుంటే ఒకటే గోల, ఇంట్లో పడేసి వచ్చాను."

గట్టిగా ఎలా చెప్పేది? క్లాసురూము కిటికీలు గేటు పక్కనే ఉన్నాయి. ఫోన్‌లో టైపు చేసి చూపించాను. మేడం దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, నాకే తిరిగి ఇచ్చేశారు. "కళ్లజోడు సంచిలో ఉంది, తర్వాత చూస్తాలే. పద పద, పిల్లలు ఎదురుచూస్తున్నారు," అన్నారు. ముప్పై దాటిన మమ్మల్ని పిల్లలు అన్నందుకు మామూలుగా అయితే మురిసిపోయేదాన్ని.

లోపలికి రాగానే శాలువా ఎత్తబోయిన సాయిశంకర్‌ని చేత్తో ఆపి, "ముందు హాజరు. హాజరు లేకుండా క్లాసేంటి?" అన్నారు మేడం. రిజిస్టరు కూడా అక్కర్లేదట. మా బ్యాచ్ పేర్లు నిద్రలో అడిగినా చెబుతారట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నరేష్ బెంచీ దగ్గరికి పరుగెత్తాను.

"సన్నీ పేరొచ్చినప్పుడు నువ్వే లెగాల. షిప్పుల ఉన్నాడని సెప్పు."

"ఎప్పుడొత్తాడంటారు."

"డిసెంబరని సెప్పీ."

"నా వల్ల కాదే," అన్నాడు నరేష్. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆడు నా పక్కనోడు."

"అయితే సచ్చిపోనాడని అరుత్తావా దాని ముందర? మేడానికి వినపడాలంటే ఈదంతా వినపడాల!"

కేథరిన్‌ని కాసేపు బయటికి తీసుకుపోదామని చివరి ప్రయత్నం చేశాను. "పకోడీలు వచ్చీసినాయేమో, సూసొద్దాం రావే," అని చెయ్యి లాగాను.

"నాను ఇక్కడే కూకుంటాను," అంది. చెయ్యి విడిపించుకుని రెండు చేతులూ బెంచీ మీద పెట్టుకుంది, చిన్నప్పుడు పెట్టుకున్నట్టే.

"బెన్సన్!"

"ప్రెజెంట్ మేడం!" బెన్సన్ ఇప్పుడు స్టీల్‌ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. ఆ గొంతు పక్క వీధికి వినపడింది.

"కేథరిన్!"

"ప్రెజెంట్ మేడం."

మేడం ఆమె వైపు చూసి వాత్సల్యంగా తలూపారు. సంగతి ఏదీ తెలియని చూపు అది. గౌరీశ్వరి, జ్యోతిర్మయి, కృపాకర్. పేర్లు ఒక్కొక్కటే దగ్గరికొస్తున్నాయి. ప్రతి ప్రెజెంట్‌కీ అందరూ నవ్వుతున్నారు, నవ్వు మాత్రం పేరుపేరుకీ పలచనవుతోంది. ఏం రాబోతోందో మేడానికి తప్ప అందరికీ తెలుసు. నరేష్ తన ప్రెజెంట్ నేల వైపు చూస్తూ చెప్పాడు. ఆ తర్వాత సాయిశంకర్.

"సన్నీ!"

ఎవరూ పలకలేదు. మేడం కళ్లు చిట్లించి గదంతా చూశారు. "రాలేదా? పక్కన ఎవరు? నరేష్ కదూ? లే. ఏమైంది?"

నరేష్ లేచాడు. నేను వాడి వైపు ఎంత గట్టిగా చూశానంటే నా కళ్లు నొప్పెట్టాయి. వాడు నన్ను చూశాడు, తర్వాత ఫ్లెక్సీ మడతని చూశాడు.

"షిప్పుకి ఎల్లినాడు మేడం!" అని అరిచాడు. అది అబద్ధం కాదు.

"మంచిది. ఎప్పుడొస్తాడు?"

నరేష్ నోరు తెరిచాడు, మూశాడు. సరిగ్గా అప్పుడే స్కూలు వెనక పట్టాల మీదికి గూడ్సు వచ్చింది. పోర్టుకి ఖనిజం మోసే గూడ్సు, ఎప్పటికీ తరగని గూడ్సు. చిన్నప్పుడు అది వస్తే మేడం చెయ్యి పైకెత్తి హాజరు ఆపేసేవారు, పోయాక అందుకునేవారు. ఇప్పుడు చెవులకి వినపడకపోయినా టేబుల్ అదురు చేతికి తెలిసినట్టుంది. ఆవిడ చెయ్యి పైకి లేచింది. అందరం అలాగే ఉండిపోయాం. కిటికీ ఊచలు గడగడలాడుతున్నాయి. నరేష్ తల దించుకుని నిలబడ్డాడు, జవాబు తెలియని పిల్లాడిలా. డిసెంబరని చెప్పరా, ఒక్క మాట, అని లోపల వాడి కాళ్లు పట్టుకుంటున్నాను. పెట్టెల వెనక పెట్టెలు పోతూనే ఉన్నాయి.

చప్పుడు సన్నగిల్లింది. మేడం చెయ్యి దిగింది. చూస్తే నా పక్కన కేథరిన్ నిలబడి ఉంది.

కొంగు పట్టి లాగాను. కదల్లేదు.

"ఆడు సెప్పలేడు మేడం," అంది. "నాను సెప్తాను. సన్నీ రాడు."

మేడం చెవి వెనక అరచెయ్యి పెట్టుకున్నారు. "వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు."

కేథరిన్ ఒకసారి ఊపిరి తీసుకుంది. పదకొండేళ్లు పక్కన కూర్చున్నాను, ఆ పిల్ల గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు.

"సన్నీ రాడు మేడం! సచ్చిపోనాడు! ఇంకెప్పుడూ రాడు!"

కిటికీ బయట వీధిలో ఎవరో సైకిల్ ఆపి లోపలికి చూశారు. మేడం చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది. "ఎప్పుడమ్మా?" అన్నారు.

"ఏడాది దాటిపోనాది మేడం!" కేథరిన్ ఇంకా అరుస్తూనే ఉంది, మేడానికి వినపడాలి కాబట్టి. బుగ్గల మీద నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "ఇంట్ల అననివ్వరు! మా అత్త ఇంకా కంచం ఎడతాది! ఆవిడ ముందర నాను కూడా వత్తాడనే అంటన్నాను! ఎక్కడో ఒక దగ్గర అనాల కదా మేడం! ఇక్కడైతే మీరడుగుతారని వచ్చినాను!"

నాకు తల కొట్టేసినట్టయింది. హాజరుంటుందా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నాకు తోచిందే నేను విన్నాను.

మేడం కర్ర ఊతంతో లేచి, బెంచీల మధ్య నుంచి వచ్చి, కేథరిన్ తల మీద చెయ్యి వేశారు. నిమిరారు. ఆవిడ పెదవులు కదిలాయి, ప్రార్థన చేశారో, ఏమన్నారో తెలియలేదు. తర్వాత ఎప్పుడూ అనే మాటే అన్నారు. "సరే. కూర్చోమ్మా." నరేష్ వైపు తిరిగి, "నువ్వూ కూర్చో నాన్నా," అన్నారు.

నరేష్ కూర్చోలేదు. తిన్నగా ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి, టేబుల్ పక్కకి జరిపి, క్లిప్పులు ఊడదీశాడు. మడత ఫట్‌మని కిందికి జారింది. దండలు, దీపాలు, సన్నీ, తవిటయ్య అందరూ బయటపడ్డారు. కేథరిన్ కొంగుతో మొహం తుడుచుకుని చాలాసేపు చూసింది.

"క్రిస్టియన్‌వోడికి దీపాలేటిరా?" అంది.

"కంప్యూటర్ల ఉన్న డిజైను," అని నరేష్ గొణిగాడు.

ఆమె నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయిన నవ్వు. అది చూసి క్లాసులో సగం మంది ఏడ్చారు, సగం మంది నవ్వారు. మేడం తన కుర్చీలోకి వెళ్లి గొంతు సవరించుకున్నారు. హాజరు సగంలో వదిలే మనిషి కాదు ఆవిడ.

"తవిటయ్య!" అని పిలిచి, తనకి తెలిసిన సంగతే అయినా ఆగారు. అతని పక్కన కూర్చునే కృపాకర్ లేచి, "తవిటయ్య కూడా రాడు మేడం!" అని గట్టిగా చెప్పి కూర్చున్నాడు.

"యశస్విని!"

నా పేరు. మా బడిలో అందరికన్నా పెద్ద గొంతు నాది. పొద్దున్నుంచి అందరి నోళ్లూ మూయించిన గొంతు. ప్రెజెంట్ అనబోయాను. ఏదో అడ్డం పడింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మేడం మళ్లీ పిలిచారు. "యశస్విని రాలేదా? పక్కన ఎవరు?"

కేథరిన్ మళ్లీ లేచింది. లేస్తూ బెంచీ కింద నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చింది మేడం!" అంది, గదంతా వినపడేలా. "ఏడత్తంది!"